ఎడమచెయ్యి ఎత్తినవాళ్లు

నోరుమోక్,
మార్చి

ఇన్సుక్ అక్కా,

కంప్యూటర్ పాఠాలు చెప్పేది కాగితం మీద ఉత్తరం రాస్తోందని నవ్వుకో. ఆఫీసు మెసెంజర్‌లో "భోంచేశావా" అని రాసినా ఎవరో ఒకరు చదువుతారని, నువ్వు విద్యాశాఖలో కుర్చీ ఎక్కిన రోజే చెప్పావు కదా. అందుకని పోస్టాఫీసుకే వెళ్లాను. స్టాంపులిచ్చే అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, "విడాకుల నోటీసా టీచర్?" అంది. ఈ ఊళ్లో చేత్తో ఉత్తరం రాయడానికి ఇంకో కారణం ఉండదట.

ఈ ఏడాదీ నాకు నాలుగు బడులే. సోమ, మంగళవారాలు నోరుమోక్ మిడిల్ స్కూల్లో, మిగతా రోజులు రోజుకో లోయలో. నాలుగు బడుల గుమ్మాల దగ్గరా చెప్పుల అరలో నా పేరుతో, బడి లోపల వేసుకునే చెప్పులు ఒక్కో జత ఉన్నాయి. నాలుగు జతల చెప్పులున్నాయిగానీ ఒక్క బడిలోనూ నాకంటూ బల్ల లేదు. ఎవరు సెలవు పెడితే వాళ్ల కుర్చీ నాది. ఎవరికైనా జలుబు చేస్తే నాకు లోపల్లోపల సంతోషంగా ఉంటోంది. మనిషిని ఇంత దిగజార్చే ఉద్యోగం ఉంటుందా?

కంప్యూటర్ పాఠం గంటలు రెట్టింపు చేశామని పేపర్లన్నీ రాశాయి. చెయ్యండి, మంచిదే, నేనూ ఊరేగింపులో నడిచి అడిగినదే. కానీ గంటలు కాగితం మీద రెట్టింపయితే చాలా? చెప్పే మనిషి రెట్టింపు అయిందా? పెరిగిన గంటలో ఇక్కడ ఏం జరుగుతోందో తెలుసా? జిమ్ మాస్టారు వీడియో పెట్టి కునుకు తీస్తున్నాడు. పాపం ఆయన తప్పేముంది, ఆయనకు బంతి ఇచ్చి చూడు, ప్రాణం పెడతాడు.

మీ ఆఫీసు నుంచి రోబోలు వచ్చాయి. ప్రిన్సిపాల్ బోంగ్ వాటిని గాజు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. "మో టీచర్, పిల్లలు ముట్టుకుంటే పాడవుతాయండీ" అంటాడు నాతో. "ముట్టుకోకపోతే ఎందుకు సార్?" అన్నాను. "అతిథులొస్తే చూపించొద్దూ?" అన్నాడు. సైన్స్ గదిలో పెట్టిన పెద్ద తెర మీద అంటించి వచ్చిన ప్లాస్టిక్ పొర కూడా తియ్యనివ్వడు. పిల్లలు ప్రపంచాన్ని ఆ పొరలోంచి చూడాలన్నమాట.

సియోల్లో అయితే ఏడేళ్ల పిల్లాణ్ని ట్యుటోరియల్‌కి పంపి, డబ్బు పోసి ప్రోగ్రాం రాయడం నేర్పిస్తున్నారు. ఇక్కడ కొండవాలు మీద క్యాబేజీ పండించేవాళ్ల పిల్లలకు ఏముంది? రేపు గోదాములోనో లారీలోనో ఒక యంత్రం "అటు తిరుగు, ఇటు నడు" అంటుంది. ఎందుకని అడగడానికి, అసలు ఆ మాట ఎవరు రాసిపెట్టారో కూడా వీళ్లకు తెలియదు.

ఒక్క పోస్టు అడుగుతున్నాను అక్కా. ఈ జిల్లాకు ఇంకో టీచర్. రెండు బడులు ఆవిడవి, రెండు నావి. రోబోలు వద్దు, పెట్టెలు వద్దు. ఒక్క మనిషి.

గ్యోంగ్రాన్


హేగాంగ్,
ఏప్రిల్

ఏమే గ్యోంగ్రాన్,

నీ ఉత్తరం మడతపెట్టి సొరుగులో పెడితే అక్కణ్నుంచి కూడా అరుస్తోంది. కొంచెం ఊపిరి పీల్చుకో. నీ బీపీ మాత్రలు వేసుకుంటున్నావా?

ఇక్కడ చెర్రీలు పూశాయి. కిటికీలోంచి చూస్తున్నాను, కిందకు దిగి చూసే తీరిక లేదు. మా విభాగం పెద్దసారుకి నీ మాట నీ పేరు చెప్పకుండా చెప్పాను. ఆయనేమన్నాడో తెలుసా? "యంత్రం కొంటే రేపే ఫొటో వస్తుంది. మనిషిని తీసుకుంటే ముసలయ్యేదాకా జీతమివ్వాలి, తరవాత పెన్షను." ఎంత నిర్మొహమాటంగా అన్నాడంటే నాకు కోపం కూడా రాలేదు.

ఇంకో సంగతి. నేను పోట్లాడి పోస్టు తెచ్చినా ఎవరొస్తారే అక్కడికి? పోయినేడు పరీక్ష పాసైన ఒక కుర్రాణ్ని మీ కొండల్లోకి వేస్తే, బస్సులో సగం దూరం వెళ్లి, వాళ్లమ్మకు ఫోన్ చేసి, అదే బస్సులో వెనక్కి వచ్చాడు. పెద్దసారు ఆ కథ ప్రతి మీటింగులోనూ చెప్తాడు. "పోస్టు ఇస్తాను, మనిషిని మీరు తెండి" అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, ఉద్యోగం కదా.

ఓపిక పట్టు. ఏదో ఒకటి చేస్తాను.

అన్నట్టు, నోరుమోక్‌లో నెట్ ఎలా ఉంది? సైన్స్ గదిలో పెద్ద తెర ఉందన్నావు, అది సరిగ్గా పనిచేస్తోందా? మీ బోంగ్ మొండివాడా, చెప్తే వినే రకమా? ఊరికే అడుగుతున్నా.

వసంతం వచ్చింది కదాని స్వెట్టరు తీసెయ్యకు. నిన్ను నాకు తెలుసు.

ఇన్సుక్


నోరుమోక్,
మే

ఇన్సుక్ అక్కా,

అడిగావు కాబట్టి చెప్తున్నాను. నెట్ బ్రహ్మాండం. రెండు కొండల అవతల ఉన్న స్కీ రిసార్టు పుణ్యమా అని తీగలు మాదాకా వేశారు. తెర కొత్తది, గోడంత ఉంటుంది. బోంగ్ విషయానికొస్తే, పైనుంచి మాట వస్తే గాలికి గడ్డి వంగినంత సులువుగా వంగుతాడు. ఇవన్నీ నీకెందుకో!

సరేగానీ, ఒక కథ చెప్తాను విను.

మా భోజనాల హాల్లో పెద్ద తరగతి ముందు, చిన్న తరగతి చివర. ఎప్పటినుంచో అంతే. బుధవారం వేయించిన పంది ముక్కలు పెడతారు. చిన్నవాళ్ల వంతు వచ్చేసరికి పులుసూ కిమ్చీ పచ్చడీ మిగులుతాయి. చిన్న తరగతిలో ప్యో దాన్బి అని ఒక పిల్ల ఉంది. మనిషి పుల్లలా ఉంటుంది, గొంతు మాత్రం కంచుగంట. మూడు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి వరసల గురించి చెప్తున్నాను, ముందొచ్చినవాడు ముందు వెళ్లడం, యంత్రం లోపల పనులు ఎలా క్యూ కడతాయి, అదీ. ఆ పిల్ల లేచింది.

"టీచర్, మన అన్నం వరస ఎవరు రాశారు?"

వెనకనుంచి పెద్ద తరగతి కుర్రాడు, "ఎవరూ రాయలేదే మొద్దూ, ఎప్పటినుంచో ఉంది" అన్నాడు.

"అయితే రాసినాయన పోయుంటాడు. మనం మార్చుకోవచ్చు."

మార్చారు అక్కా! చిన్న ప్రోగ్రాం రాశారు. రోజుకో తరగతి ముందు. హాలు గుమ్మం దగ్గర పాత తెర పెట్టి ఈరోజు ఎవరి వంతో చూపించారు. వంటింటి అమ్మగారు ఎంత సంబరపడిందో. కానీ కొన్ని వారాలు గడిచేసరికి పెద్దవాళ్లు గొడవకొచ్చారు. దాన్బి వంతులను వారాలకు ముడేసింది. సోమవారం పెద్దలు, మంగళవారం నడిమివాళ్లు, బుధవారం చిన్నవాళ్లు. అంటే పంది ముక్కలు ఎప్పుడూ చిన్నవాళ్లకే ముందు! "నీకు కావలసినట్టు రాసుకున్నావు కదే దొంగా" అన్నారు. ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టి, "నేను కావాలని చెయ్యలేదు టీచర్" అంది. "నువ్వు అనుకోకపోయినా లాభం నీకే వచ్చింది చూడు. పెద్దపెద్ద ప్రోగ్రాంలు రాసేవాళ్లు కూడా ఇదే అంటారు, మేం కావాలని చెయ్యలేదని" అన్నాను. ఇక వాళ్లూ వీళ్లూ కూర్చుని, పోట్లాడుకుంటూ, వారంతో పనిలేకుండా వంతు జరిగేలా మార్చుకున్నారు.

కంప్యూటర్ పాఠమంటే ఇదే. బటన్లు నొక్కడం కాదు. రూలు ఆకాశం నుంచి పడదు, దాన్ని రాసినవాడు ఒకడుంటాడు, తప్పుంటే తిరిగి రాయొచ్చు. ఇది నేర్చుకున్న పిల్లను రేపు ఏ యంత్రమూ ఊరికే భయపెట్టలేదు.

నా పోస్టు సంగతి ఏమైంది?

గ్యోంగ్రాన్


నోరుమోక్,
జులై

అక్కా అనాలా, మేడం అనాలా?

ఈరోజు బోంగ్ నన్ను పిలిచి స్వయంగా కాఫీ కలిపి ఇచ్చాడు. అప్పుడే అనుమానం రావాల్సింది.

"మో టీచర్, మనది మోడల్ స్కూలైంది! వేసవి సెలవలు అవగానే హేగాంగ్ స్టూడియోలో ఒక లెక్చరర్ కూర్చుని ఒకేసారి అయిదు బడులకు తెర మీద చెప్తారట. బాగుంటే మార్చి నుంచి రాష్ట్రమంతా. ఇక ఈ తిరుగుళ్లు ఉండవు మీకు."

"ఉండకపోతే మరి నేనెక్కడుంటాను సార్?"

"సర్దుబాటు చేస్తారట." కాఫీ చప్పరిస్తూ అన్నాడు, "మీరు అక్కా అని పిలిచే మీ సీనియర్ తాక్ ఇన్సుక్ మేడమే మనల్ని ఏరికోరి తీసుకున్నారు. నెట్ బాగుందనీ, తెర గోడంత ఉందనీ ఆవిడకు ముందే తెలుసు. ఎవరు చెప్పారో!"

నేనే చెప్పాను. నువ్వు ఊరికే అడిగావు, నేను ఊరికే చెప్పాను.

మనిషిని అడిగితే తెర పంపావు. నాతోపాటే కంప్యూటర్ టీచర్ లైసెన్సు తెచ్చుకున్నదానివి, పదేళ్లయి క్లాసురూం గడప తొక్కలేదు. నీకు పిల్ల మొహం ఎలా ఉంటుందో గుర్తుందా? అర్థం కానప్పుడు కనుబొమలు ఎలా ముడిపడతాయో? అది తెరకు కనిపిస్తుందా?

నన్ను ఎక్కడికైనా విసిరెయ్యి, పరవాలేదు. కానీ ఈ పిల్లల మీద ప్లాస్టిక్ పొర కప్పడానికి నా నోటితోనే కొలతలు తీసుకున్నావే, అది మాత్రం మర్చిపోను.

మో గ్యోంగ్రాన్


హేగాంగ్,
ఆగస్టు

గ్యోంగ్రాన్,

తిట్టావు. పడ్డాను. ఇప్పుడు నేను చెప్పేది విను.

పోయిన చలికాలం నీకు ఫ్లూ వచ్చింది. రెండు వారాలు నాలుగు బడుల్లోనూ కంప్యూటర్ పాఠం లేదు. నీ ఒక్కదాని ఊపిరితిత్తుల మీద ఒక జిల్లా చదువు ఆధారపడటం న్యాయమా? నీ పక్క జిల్లాలో నీలాంటిది కూడా లేదు. అక్కడి పిల్లల తరఫున ఎవరు ఉత్తరాలు రాస్తున్నారు? నువ్వు నీ నాలుగు జతల చెప్పుల కోసం పోట్లాడుతున్నావు. నేను నువ్వెప్పుడూ చూడని బడుల కోసం ఏది దొరికితే అది పట్టుకుంటున్నాను. పోస్టులు అడిగాను, నవ్వారు. మళ్లీ అడిగాను, కథ చెప్పారు, ఆ బస్సు కుర్రాడి కథ. చివరికి ఇచ్చింది తెర. పూర్తిగా లేకపోవడం కన్నా తెర నయం కాదా? కాదని గుండె మీద చెయ్యేసి చెప్పు.

నీకు చెప్పకుండా అడిగాను, అది తప్పే. చెప్తే నువ్వు నెట్ తీగలు కత్తిరించేదానివి.

అక్టోబరులో బహిరంగ పాఠం. పెద్దసారు వస్తాడు, పక్క జిల్లాల ప్రిన్సిపాళ్లు వస్తారు, ఫొటోలు తీస్తారు. స్టూడియోలో కూర్చునే యోమ్ టీచర్ చిన్నవాడు, మంచివాడు, భయస్తుడు. "అర్థమైందా?" అని అడిగితే చేతులు లేవాలి. ఒక్క చెయ్యి కింద ఉన్నా నా మెడ మీదకు వస్తుంది.

మన చిన్నప్పుడు ఇన్స్పెక్టర్లు వచ్చినప్పుడు ఏం చేసేవాళ్లమో నీకు గుర్తే. తెలిస్తే కుడిచెయ్యి, తెలియకపోతే ఎడమచెయ్యి. అందరూ ఎత్తాలి. టీచర్ కుడిచేతి వాళ్లనే లేపుతాడు. యోమ్‌కి చెప్పాను. నువ్వు పిల్లలకు చెప్పు.

నాకు తెలుసు ఇది రాయడానికి నాకు సిగ్గుండాలని. ఉంది. అయినా రాస్తున్నాను.

ఇన్సుక్


నోరుమోక్,
సెప్టెంబరు

అక్కా,

గుండె మీద చెయ్యేసి చెప్పమన్నావు. చెప్తున్నాను. పూర్తిగా లేకపోవడమే నయం. లేకపోతే లేదని అందరికీ కనిపిస్తుంది, ఎవరో ఒకరు అడుగుతారు. తెర పెడితే ఉన్నట్టు కనిపిస్తుంది, ఇక ఎవరూ అడగరు. పక్క జిల్లా పిల్లలకు నువ్వు ఇచ్చేది పాఠం కాదు, నోరుమూత.

ఫ్లూ సంగతి మాత్రం నిజం. దాని గురించి చాలాసేపు ఆలోచించాను. అందుకే కదా రెండో మనిషిని అడిగింది?

తెర పాఠాలు మొదలయ్యాయి. నేను గది వెనక నిలబడి తీగలు సరిచూడాలి, అదే నా పని. యోమ్ బాగానే చెప్తాడు. కానీ అయిదు బడుల గోల ఒకేసారి వినపడుతుందని పిల్లల వైపు మైకులన్నీ మీరే మూసేశారు. మొన్న దాన్బి చెయ్యెత్తి అరగంట ఉంది. చేతికి తిమ్మిరెక్కితే ఇంకో చేత్తో పట్టుకుని మరీ ఎత్తింది. ఆయన నవ్వుతూ వీడ్కోలు చెప్పి మాయమైపోయాడు.

నువ్వు చెప్పమన్న రూలు పిల్లలకు చెప్పాను. ఒక్క ముక్క కలపలేదు, తీయలేదు. తెలిస్తే కుడి, తెలియకపోతే ఎడమ. ఎవరు రాశారని దాన్బి అడిగింది, అదీ చెప్పాను. "హేగాంగ్ నుంచి వచ్చే మేడం. వెనక వరసలో కూర్చుంటుంది."

"అందరం కుడిచెయ్యి ఎత్తాలా టీచర్?"

"రూలు విన్నావుగా. అబద్ధమాడమని రూల్లో ఎక్కడా లేదు."

అంతే చెప్పాను. బహిరంగ పాఠానికి రా. ముందు వరసలో కూర్చోకు, అక్కణ్నుంచి చేతులు కనిపించవు.

గ్యోంగ్రాన్


హేగాంగ్,
అక్టోబరు

గ్యోంగ్రాన్,

పాఠం అయ్యాక నువ్వు తీగలు చుట్టుకుంటూ నా వైపు చూడలేదు. నేనూ నీ దగ్గరకు రాలేకపోయాను. ఆ మీటింగు గదిలోకి నిన్ను రానివ్వలేదు కాబట్టి అక్కడేం జరిగిందో నేనే రాయాలి.

యోమ్ "అర్థమైందా?" అన్నాడు. చేతులు లేచాయి. గది మొత్తం, ఒక్కటి కూడా కింద లేదు. వెనక నుంచి చప్పట్లు. కెమెరా అమ్మాయి బల్లెక్కి ఫొటో తీసింది. పెద్దసారు నా మోచెయ్యి పొడిచి, "చూశావా తాక్, పైరులా లేచాయి" అన్నాడు. నేను చూశాను. అన్నీ ఎడమచేతులు. తెర మీద యోమ్ కుడిచెయ్యి కోసం వెతికాడు. ఆ కుర్రాడి కళ్లు అటూ ఇటూ పరుగెత్తడం నాకు కనిపించింది. చివరికి "ఈరోజు టైం అయిపోయింది" అన్నాడు. ఇంకా సగం పాఠం మిగిలే ఉంది. బోంగ్ మొహం ఉడికిన ఎర్ర చిక్కుడు రంగుకొచ్చింది. ఆ గదిలో ఆ భాష తెలిసిన పెద్దవాళ్లం నువ్వు, నేను, యోమ్, బోంగ్, నలుగురమే అనుకున్నాను. పిల్లలు నాకే చెప్తున్నారు.

తరవాత భోజనం. బోంగ్ మమ్మల్ని వరస ముందుకు నడిపించాడు. దాన్బి గుమ్మం దగ్గర తెర పక్కన నిలబడి ఉంది.

"ఈరోజు నడిమి తరగతి ముందండీ. అతిథులు ఏ తరగతో చెప్తే వంతు చూస్తాను."

బోంగ్ కళ్లెర్రజేశాడు. పెద్దసారు సరదాపడి, "నేను చాలా ఏళ్లు ఫెయిలయ్యాను, చిన్న తరగతిలో వేసుకో" అంటూ చివరకు వెళ్లి నిలబడ్డాడు. ఆ పిల్ల కూడా వరసలోకి వచ్చాక నేను వెళ్లి దాని వెనక నిలబడ్డాను.

"నీది ఎడమచేతి వాటమా?" అన్నాను.

"కాదండీ. అర్థం కాలేదు."

"అర్థం కాకపోతే అడగాలి కదమ్మా."

"ఎవర్ని, గోడనా? మైకు మీరే మూసేశారంట కదా." పళ్లెం తీసుకుని, వెనక్కి తిరిగి, "పులుసు వేడిగా ఉంది, జాగ్రత్త" అంది.

మీటింగు గదిలో కమలాలు, విటమిన్ పానీయం సీసాలు పెట్టారు. బహిరంగ పాఠం తరవాత ఏం మాట్లాడతారో నీకు తెలుసు. ఒకరి తరవాత ఒకరు "ఎంతో నేర్చుకున్నాం" అంటారు. నా వంతు వచ్చింది.

"లేచినవన్నీ ఎడమచేతులు" అన్నాను.

"అయితే?" అన్నాడు పెద్దసారు.

రూలు చెప్పాను. అది పంపింది నేనేనని కూడా చెప్పాను. పక్క జిల్లా ప్రిన్సిపాల్ ఒకావిడ ఫక్కున నవ్వింది. తన బడిలోనూ అదే చెప్పానని ఒప్పుకుంది. ఇంకొకాయన తల దించుకున్నాడు. పెద్దసారు కమలం ఒలవడం ఆపేశాడు.

"నన్ను వెర్రివాణ్ని చేశావా తాక్?"

"నేను చేద్దామనుకున్నాను సార్. పిల్లలు చెయ్యనివ్వలేదు."

చాలాసేపు తిట్టాడు. అవన్నీ రాయను, నీకు సంతోషమవుతుంది. తరవాత కుర్చీలో వెనక్కి వాలి, తన పాత పాట ఎత్తుకున్నాడు. "సరే. మనిషే కావాలి, అంతేగా? ఇప్పుడే పోస్టు రాసి పైకి పంపుతాను. ఎవరొస్తారు ఇక్కడికి? బస్సులోంచి తిరిగొచ్చిన ఆ కుర్రాడా? లైసెన్సు ఉన్నవాళ్లు మా ఆఫీసులోనే బోలెడుమంది ఉన్నారు. వస్తారా? ఎవరైనా వస్తానంటే చెయ్యెత్తండి చూద్దాం!"

అందరూ కమలాల వంక చూస్తున్నారు.

నేను చెయ్యెత్తాను గ్యోంగ్రాన్.

కుడిచెయ్యి.

ఇన్సుక్


నోరుమోక్,
నవంబరు

అక్కా,

ఉత్తరం రెండుసార్లు చదివాను. తరవాత బయటికెళ్లి పొలంలో మంచు పడుతుంటే కాసేపు నిలబడ్డాను. అంతకు మించి ఏమీ చెప్పను, నీకు గర్వమెక్కుతుంది. జులైలో రాసిన మాట వెనక్కి తీసుకోను కూడా. మర్చిపోనన్నాను, మర్చిపోను. దాని పక్కనే ఇది కూడా గుర్తుంచుకుంటాను.

పోస్టు ఆర్డరు ఇంకా రాలేదని బోంగ్ సంబరంగా చెప్పాడు. వచ్చినా ఏడాదికేనట. ఏడాదికైతే ఏడాదికి. ఇవ్వకపోతే ఇద్దరం కలిసి మీ ఆఫీసు మెట్ల మీద కూర్చుందాం, నా దగ్గర చలికి మంచి దుప్పట్లున్నాయి. నోరుమోక్‌లో తెర పాఠం ఆపేశారు. "ఈ బడి అందుకు తగినది కాదు" అని రాశారట. ఎంత పొగరు! మిగతా నాలుగు బడుల్లో సాగుతోంది. అక్కడ మనిషి వచ్చేదాకా ఇది గెలుపని నేను ఒప్పుకోను.

కానీ ఒకటి విను. దాన్బి పిన్ని కూతురు రెండు లోయల అవతల బడిలో చదువుతోంది. పిల్లలు ఫోన్లలో ఏం చెప్పుకున్నారో ఏమో, పోయిన వారం ఆ నాలుగు బడుల్లోనూ "అర్థమైందా?" అంటే అన్నీ ఎడమచేతులేనట. యోమ్ మీ ఆఫీసును అడగకుండా మైకులన్నీ తెరిచేసి, "ఏది అర్థం కాలేదు? ఒక్కొక్కరే చెప్పండి" అన్నాడట. ఆ రోజు పాఠం ముందుకు సాగలేదు. పాఠమంటే అదే కదా.

చెప్పుల అరలో నా జత పక్కన ఒక జత పెట్టి నీ పేరు రాశాను. నీ పాదం కొలత మారలేదనుకుంటాను. బల్ల మాత్రం లేదు. జిమ్ మాస్టారుకు ఇప్పుడే దగ్గు మొదలైంది, ఆశ పెట్టుకో.

కొత్త టీచర్ వస్తుందని పిల్లలకు చెప్పాను. ఆ వెనక వరస మేడమేనా అని దాన్బి పసిగట్టింది. అవునన్నాను. వెంటనే ఒక షరతు పెట్టింది.

"మేం అడిగింది ఆవిడకు తెలియకపోతే ఎడమచెయ్యి ఎత్తాలి. ఎత్తుతుందా టీచర్?"

ఎత్తుతుందని మాటిచ్చాను.

గ్యోంగ్రాన్